ఎలుకలకు పథ్యం పెట్టలేదు

ఉదయం పది గంటల నలభై నిమిషాలకు మా డిపార్ట్‌మెంట్‌కు టీ వచ్చింది. రోజూ ఆ వేళకే వచ్చేది. క్యాంటీన్ మనిషి గ్లాసులు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. నాతో పాటు పనిచేసే మొక్కల మాస్టారు తన గ్లాసు నా వైపు జరిపి, "నాకొద్దు చెల్లెమ్మా, పథ్యంలో ఉన్నా. ఇది కూడా నువ్వే తాగు," అన్నాడు. తాగాను. అప్పటికి ఆయన కళ్ళు కొంచెం పచ్చగా ఉన్నాయి, అంతే. ఆ నెల పూర్తి కాకుండానే ఆయన చనిపోయాడు.

నరసరావుపేట దగ్గర ఒక ప్రైవేటు ఫార్మసీ కాలేజీలో నేను పాఠాలు చెప్పేదాన్ని. మందు ఒంట్లోకి పోయాక ఏం చేస్తుందన్నది నా సబ్జెక్టు. ఏ మొక్కలో ఏ మందు ఉందన్నది ఆయన సబ్జెక్టు. నేను రిటైరై కొన్నేళ్ళయింది. ఇప్పుడు ల్యాబుల్లో పనిచేస్తున్న పిల్లలకు ఈ సంగతి తెలియాలని రాస్తున్నాను. ఇందులో ఎవరి పేరూ ఉండదు. ఆ ఆకు పేరు కూడా రాయను. రాస్తే మీలో కొందరు భయపడతారు, కొందరు వెతుక్కుంటూ పోతారు. రెండూ నాకు ఇష్టం లేదు.

నూజెండ్ల వైపు ఒక ఊళ్ళో కామెర్లకు ఆకు మందు ఇచ్చే రైతు ఒకాయన ఉన్నాడు. అంతకు ముందు వాళ్ళమ్మ ఇచ్చేది. ఆదివారం పొద్దున్నే జనం ఆటోల్లో వచ్చి ఆయన వసారాలో కూర్చునేవాళ్ళు. ఆకు మజ్జిగలో నూరి, ఉసిరికాయంత ముద్ద చేతిలో పెట్టేవాడు. వారానికి సరిపడా ఆకు పొట్లం కట్టి ఇచ్చేవాడు. పైసా పుచ్చుకునేవాడు కాదు. ఇంటికి పోయాక ఉండాల్సిన పథ్యం మాత్రం ప్రతివాళ్ళకీ విడివిడిగా చెప్పేవాడు. ఉప్పు, కారం, నూనె, పప్పు ముట్టకూడదు. పూటకు గుప్పెడు అన్నం, పల్చటి మజ్జిగ. పచ్చదనం పోయేదాకా అంతే. "ఉప్పురాయి నోట్లో పడిందా, మందు విషమయిద్ది," అని హెచ్చరించి పంపేవాడు.

ఆ మందును పరీక్షించాలన్న ఆలోచన మా మాస్టారిది. ఆయనది రైతు కుటుంబం. చేలగట్ల మీద మొలిచే ప్రతి మొక్కా ఆయనకు తెలుసు. "మన జనం తినేదాన్ని మనం చూడకపోతే ఎవరొచ్చి చూస్తారు?" అనేవాడు. చాలా ఆదివారాలు ఆ ఊరు వెళ్ళి, ఆ వసారాలో కూర్చుని, రైతుకు నమ్మకం కలిగించాడు. చివరికి ఆ రైతు తన ఇంటివాళ్ళు తప్ప ఎవరూ చూడని ఆకును ఆయనకు చూపించాడు.

కాలేజీ వెనక, మిరప చేను పక్కన మా ఎలుకల గది ఉండేది. వాటిని చూసుకునే అటెండరు ఒకతను. ఎలుకల మేత బిళ్ళలుగా వస్తుంది. తొట్టి ఖాళీ కాకుండా చూడటం అతని పని. నీళ్ళ సీసాలు కూడా అంతే.

"మా ఇంటి అల్లుడిక్కూడా ఇంత మర్యాద లేదండీ. అయిపోతే మళ్ళీ పెట్టు, అయిపోతే మళ్ళీ పొయ్యి," అనేవాడు అటెండరు.

"నువ్వు కూడా బోనులోకి దూరు. నీకూ పెడతాం," అనేవాడు మాస్టారు.

"నేను దూరితే మరి నాకు పెట్టేదెవరండీ?"

పరీక్ష వివరాలు మీకు తెలిసినవే. మందు పోసే ముందు రాత్రి మేత తీసేస్తాం. సన్న గొట్టంతో కడుపులోకి మందు పోసి, కొన్ని గంటలకు మళ్ళీ మేత పెడతాం. తర్వాత రోజూ మందు, రోజూ నిండుగా మేత. మనిషి తినే మోతాదుకు ఎన్నో రెట్లు పోశాం. ఒక్క ఎలుకా చావలేదు. బరువు పెరిగాయి. కోసి చూస్తే కాలేయాలు నున్నగా, మంచి రంగులో ఉన్నాయి. మాస్టారు ఒక కాలేయాన్ని పళ్ళెంలో పట్టుకుని కిటికీ దగ్గరకు వెళ్ళి చాలాసేపు చూశాడు. అంత సంతోషం ఆయన ముఖంలో నేను మళ్ళీ చూడలేదు.

ఇంత మోతాదు వరకు హాని కనిపించలేదని మేం రాశాం. కాలేజీ వాళ్ళు దాన్ని 'పూర్తిగా సురక్షితం' అని చేసి గోడకు పెట్టారు. మందిచ్చే రైతు ఒక జిరాక్స్ కాపీ అడిగి తీసుకుని, ప్లాస్టిక్ వేయించి తన వసారాలో తగిలించాడు. ఆదివారాలు జనం పెరిగారు. దాని గురించి మేం నవ్వుకున్నాం తప్ప తప్పనుకోలేదు. హాని లేదని మాకు తెలుసు గదా.

మరుసటి ఏడు మాస్టారు ఊరివాళ్ళతో కలిసి, ఎత్తుగా అలంకరించి కట్టిన ప్రభ వెంట నడిచి కోటప్పకొండ తిరునాళ్ళకు వెళ్ళాడు. దారి పొడవునా దొరికిన చోటల్లా చెరుకు రసం తాగానని వచ్చాక చెప్పాడు. ఒక నెల తర్వాత కామెర్లు వచ్చాయి. రక్తపరీక్ష చేయించాం. కామెర్లు ఎక్కువే, కానీ బెంబేలెత్తేంత కాదు.

"గుంటూరు పోయి డాక్టరుకు చూపించు అన్నయ్యా," అన్నాను.

"ఏం చెప్తాడు? విశ్రాంతి తీసుకో అంటాడు. కామెర్లకు వాళ్ళ దగ్గర మాత్ర ఉందా? పాఠం చెప్పేదానివి, నువ్వే చెప్పు."

"ఈ రకానికి లేదు."

"మరి! అన్ని ఎలుకలు మింగి నిక్షేపంగా ఉన్నాయే, ఒక్క ముద్ద నేను మింగలేనా? మనం రాసింది మనమే నమ్మకపోతే ఇంకెవరు నమ్మాలి?"

ఆ ఆదివారం ఆయన అన్నగారు బండి మీద ఎక్కించుకుని ఆ ఊరు తీసుకెళ్ళాడు. మొదటి కొన్ని రోజులు మాస్టారు కాలేజీకి వచ్చాడు. ఆ రోజుల్లోనే నాకు టీ గ్లాసు జరిపింది. తర్వాత నీరసించి ఇంట్లోనే ఉండిపోయాడు.

చూడటానికి వెళ్ళాను. మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి. భార్య పక్కనే పీట వేసుకుని కూర్చుంది. నేను వదినా అని పిలుస్తాను ఆమెను.

"పల్నాడులో పుట్టి కారం లేకుండా బతుకుతున్నా. పేపర్లో వేయించు చెల్లెమ్మా," అన్నాడు.

"తగ్గాక తిందువుగాని, బుట్టెడు," అంది వదిన.

"నువ్వైనా చెప్పు దీనికి. నాలుక్కి రాసుకునేంత ఉప్పు ఇమ్మను. ఇంకో ముద్ద అన్నం పెట్టమను. కడుపు కాలిపోతంది."

"అడగొద్దు. ఇంకో నాలుగు రోజులు ఓర్చుకో. నా కోసమా ఏంది?"

"చూశావా? నా పెళ్ళాం జైలరు." ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. లంఖణం పరమౌషధం అన్నయ్యా అని ఆమెకు వంత పాడాను.

తర్వాత వారం ఆయనకు మత్తు మొదలైంది. పగలంతా నిద్ర. లేస్తే మాటల్లో పొంతన లేదు. అటెండరును పిలిచి బోన్లు కడిగావా అని అడిగేవాడు, అక్కడ అటెండరు లేడు. అన్నగారు కారు మాట్లాడి గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. కాలేయం పూర్తిగా పోయిందని, ముందే తెచ్చి ఉండాల్సిందని డాక్టరు చెప్పాడు. వరండాలో వదిన నా చెయ్యి పట్టుకుని, "పథ్యం ఒక్క పూట తప్పలేదు చెల్లెమ్మా. నా కళ్ళ ముందే తినిపించా. మీ ఎలుకలకేం కాలేదన్నారు గదా, మరి ఈయనకెందుకయింది?" అంది. అది ఎంత సరైన ప్రశ్నో అప్పుడు నాకు అర్థం కాలేదు. మర్నాడు ఆయన పోయాడు.

ఆయన్ను ఇంటికి తెచ్చి వసారాలో పడుకోబెట్టాక జరిగింది నేను మర్చిపోలేదు. బంధువుల్లో ఒక పెద్దామె వదిన ముందుకొచ్చి కూర్చుని అడిగింది.

"ఏమే, నిజం చెప్పు. జాలిపడి ఉప్పేమన్నా తగిలించావా?"

"లేదత్తా."

"ఊరికే మందు వికటించదు. అంతమందికి తగ్గిందే, వీడికెందుకు తగ్గలా?"

అన్నగారు అడ్డం చెప్పలేదు. "ఎక్కడో పథ్యం చెడింది," అని పక్కనున్న వాళ్ళతో అన్నాడు. వదిన లేచి, శవం తల దగ్గర దీపం మీద అరచెయ్యి పెట్టింది. "ఆయన అడిగినా పెట్టలేదు. ఈ దీపం మీద ఒట్టు," అంది. చెయ్యి తీయలేదు. నేను వెళ్ళి లాగాల్సి వచ్చింది. అరచెయ్యి బొబ్బలెక్కింది. అప్పటికీ అక్కడున్న వాళ్ళలో సగంమంది నమ్మలేదు. అది వాళ్ళ ముఖాల్లో కనబడింది.

కాలేజీకి తిరిగొచ్చాక ఒక రోజు ఎలుకల గదిలోకి వెళ్ళాను. అటెండరు తొట్లలో మేత నింపుతున్నాడు. నిండిన తొట్టి చూస్తూ నిలబడిపోయాను. వరండాలో వదిన అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడుంది. మా ఎలుకలకు మేం పథ్యం పెట్టలేదు.

ఆకు రాసుకున్నాం, ఎంత వెయ్యాలో రాసుకున్నాం, మజ్జిగలో నూరతారని రాసుకుని మేమూ మజ్జిగలోనే నూరాం. పథ్యం ఒక్కటి రాసుకోలేదు. మర్చిపోవడం కాదు. అది మందులో భాగమని మాలో ఎవరికీ అనిపించలేదు. మా ఇళ్ళల్లో జ్వరమొస్తే పథ్యం, ఆటలమ్మ పోస్తే పథ్యం, కాన్పయితే పథ్యం. ఒంట్లో బాగాలేకపోతే చేసే పనే అది. దాన్ని ఎవరు పరీక్షిస్తారు? పథ్యమంటే తెలియని పరాయి మనిషి ఎవరైనా మాతో ఉంటే మొదటి రోజే అడిగేవాడు, ఈ మందు తిన్నవాళ్ళు ఇంకేం తింటారని. మాలో పరాయివాళ్ళు లేరు. అందరం ఇక్కడ పుట్టిన వాళ్ళమే.

విషాన్ని విరవడానికి కాలేయం ఒక పదార్థాన్ని వాడుతుంది. అది తిండి నుంచే తయారవుతుంది. కడుపు మాడితే అది తరిగిపోతుంది. తిన్నవాడికి ఏమీ చేయని మందు పస్తున్నవాడికి విషం కావచ్చు. నేను ఏటా క్లాసులో చెప్పే పాఠమే ఇది.

జంతువుల మీద పరీక్షలను చూసే కమిటీకి దరఖాస్తు పెట్టి, అనుమతి వచ్చాక, పరీక్ష మళ్ళీ చేశాం. కొన్నిటికి ఆకు, నిండుగా మేత. కొన్నిటికి అదే ఆకు, ఉప్పులేని మజ్జిగన్నం, అదీ కొంచెమే. ఇంకొన్నిటికి పథ్యం మాత్రమే, ఆకు లేదు. అటెండరుకు ఇది నచ్చలేదు. "వీటికేం జబ్బని మేడమ్ పథ్యం?" అనేవాడు. మజ్జిగన్నం పెట్టేటప్పుడు మొహం పక్కకు తిప్పుకునేవాడు.

ఒక పొద్దున అతను నన్ను పిలవడానికి పరుగెత్తుకొచ్చాడు. వెళ్ళి చూశాను. ఆకుతో పాటు నిండుగా మేత తిన్న ఎలుకలు ఎప్పటిలాగే తీగలు పట్టుకుని పైకి ఎగబాకుతున్నాయి. పథ్యం మాత్రమే తిన్నవి చిక్కి ఉన్నాయి, కానీ తలుపు చప్పుడుకు ముందుకొచ్చాయి. ఆకూ పథ్యమూ కలిసిన బోన్లలో కదలిక లేదు. కొన్ని చచ్చిపోయాయి. కొన్ని పక్కకు ఒరిగి, ముట్టుకున్నా కళ్ళు తెరవలేదు. అదే ఆకు, అదే మోతాదు. కోసి చూస్తే కాలేయాలు చిన్నవైపోయి, పసుపు మచ్చలతో, వేలితో నొక్కితే చితికిపోయేలా ఉన్నాయి. అటెండరు నా వెనక నిలబడి చూస్తున్నాడు.

"మాస్టారు తిన్నది ఇదేనా మేడమ్?" అన్నాడు.

ఎలుకకూ మనిషికీ తేడా ఉంది. ఆయన కాలేయం అప్పటికే జబ్బుపడి ఉంది. ఆకు తినకపోయినా పోయి ఉండవచ్చు. ఈ మాటలు రిపోర్టులో రాశాను, ఇప్పుడూ రాస్తున్నాను. అవి నిజమే. అవి నాకు మాత్రం నిద్ర పట్టించలేదు.

మందిచ్చే రైతు దగ్గరకు నేనే వెళ్ళాను. జనం ఉండరని ఆదివారం కాకుండా వేరే రోజు వెళ్ళాను. కళ్ళంలో మిరపకాయలు ఎగదోస్తున్నవాడు నన్ను చూసి వచ్చాడు.

"మాస్టారు పథ్యం చెడగొట్టుకున్నాడంట గదమ్మా. చానా బాధయింది. బంగారం లాంటి మనిషి."

"చెడగొట్టుకోలేదు బాబాయ్. ఒక్క పూట కూడా తప్పలేదు."

జరిగిందంతా చెప్పాను. ఎలుకలకు పథ్యం పెట్టారా అని మొదట నవ్వాడు. చివరి దాకా విన్నాక వసారా అరుగు మీద కూర్చున్నాడు.

"మా అమ్మ చేతి మీద ఎంతమంది లేచారో తెలుసా నీకు?"

"చాలామందికి కామెర్లు వాటంతట అవే తగ్గిపోతాయి బాబాయ్."

"అయితే ఇన్నాళ్ళూ మేమిచ్చిందేంది?"

ఇంతకు ముందు మందు తిని పోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాను.

"ఎందుకు లేరు? వాళ్ళ ఇళ్ళోళ్ళు ఏడ్చుకుంటా వచ్చేవాళ్ళు. పథ్యం చెడిందా అని అడిగేవాళ్ళం. ఏదో ఒకటి దొరికేది. ఒకామె పులిసిన మజ్జిగ పోశానన్నది. ఒకాయన చాటుగా బీడీ తాగాడన్నారు."

"ఏమీ దొరకకపోతే?"

"తప్పు ఒప్పుకోట్లేదు అనుకునేవాళ్ళం."

అన్నాక ఆ మాట ఆయనకే వినబడినట్టుంది. నోరు తెరిచి నా వైపు చూశాడు. తర్వాత లేచి, గోడకున్న మా కాగితాన్ని మేకుతో సహా పీకి నా చేతిలో పెట్టాడు. "ఇది మీది. తీసుకుపోండి," అన్నాడు. కోపంగా అనలేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆ మాటే అనుకుంటూ వచ్చాను. తగ్గితే మందు వల్ల. పోతే పథ్యం తప్పడం వల్ల. ఇక ఆ మందు తప్పు ఎప్పటికి తెలుస్తుంది? పోయినవాళ్ళు ఒకవైపు, చేయని తప్పు మోసిన వాళ్ళ ఆడవాళ్ళు ఇంకోవైపు. ఎన్ని ఇళ్ళల్లో ఎంతమందిని దీపాల ముందు నిలబెట్టి అడిగారో. మందులను పరీక్షించే పిల్లలకు నేను చెప్పగలిగింది ఒకటే. మందుతో పాటు ఇంకేం చేయిస్తారో అడగండి. మీ ఇంట్లో కూడా చేసే పని అయితే రెండుసార్లు అడగండి.

వదినకు చెప్పాలా వద్దా అని చాలా రోజులు ఊగిసలాడాను. చెప్పకపోతే ఆమె జీవితాంతం పథ్యం చెడగొట్టిన మనిషిగా మిగిలిపోతుంది. చెబితే తన చేత్తోనే పస్తుంచానని కుమిలిపోతుంది. చివరికి వెళ్ళి చెప్పాను. ఆమె మధ్యలో ఒక్కసారీ ఆపలేదు.

"అంటే, అడిగినప్పుడు ఆ ఉప్పు ఇచ్చుంటే?" అంది.

"ఉప్పు కాదు వదినా, తిండి. కడుపు నిండా తిండి ఉంటే ఏమో... అప్పుడైనా కచ్చితంగా బతికేవాడని నేను చెప్పలేను."

"రెండో ముద్ద అడిగాడు. పెట్టలా నేను. గిన్నె ఆయనకు అందకుండా అటు జరిపా."

ఏడవలేదు. లేచి చీర సర్దుకుంది. "పద. బావగారితో చెప్పు. నేను పథ్యం చెడగొట్టలేదని నీ నోటితో చెప్పు. నువ్వు చదువుకున్నదానివి, నీ మాట వింటారు," అంది.

మాస్టారి అన్నగారి ఇల్లు అదే వీధిలో. వదిన గుమ్మం దగ్గరే నిలబడింది. నేను అన్నీ వివరంగా చెప్పాను, ఎలుకలు, ఆకు, తిండి. ఆయన శ్రద్ధగా విన్నాడు. ఒకటి రెండు మంచి ప్రశ్నలు కూడా అడిగాడు. అర్థమైందనుకుని ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు ఆయన వదిన వైపు తిరిగాడు.

"అయితే, నా తమ్ముణ్ణి ఆకలికి మాడ్చి చంపిందా?"

"మందు కోసం తీసుకెళ్ళింది మీరేనండీ. పథ్యం చెడకూడదని చెప్పింది మీరందరూ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"మేం సవాలక్ష చెప్తామమ్మా. పక్కనున్నది కట్టుకున్నది గదా. మొగుడు ఆకలని ఏడుస్తుంటే తెలియొద్దా?"

పథ్యం చెడగొట్టావని నిన్నటిదాకా ఆమెను నిలదీసిన మనిషి, అంత త్వరగా రెండోవైపుకు మారగలడని నేను ఊహించలేదు. నిజం చెబితే ఆమె మీద నింద పోతుందనుకున్నాను. అది పోలేదు, మారింది. ఆమెను తీసుకుని బయటికి వచ్చేశాను.

మేం రెండో రిపోర్టు కూడా అచ్చుకు పంపాం. దాన్ని ఎవరూ గోడకు పెట్టలేదు. వదిన ఇప్పుడు కూతురి దగ్గర నరసరావుపేటలోనే ఉంటోంది. అప్పుడప్పుడు వెళ్తాను. వంట ఆమే చేస్తుంది. బాగా చేస్తుంది, కారం దిట్టంగా వేసి. భోజనం వేళకు గిన్నెలన్నీ తెచ్చి గరిటెలు వేసి మధ్యలో పెట్టి, తను దూరంగా జరిగి కూర్చుంటుంది. మనుమరాలైనా సరే, ఎవరికి కావలసింది వాళ్ళే పెట్టుకోవాలి. ఆమె ఎవరికీ అన్నం వడ్డించడం లేదు.